పీరు పుట్టిల్లు

మొన్న మా వాడు పాకుతూ వెళ్ళి మంచం కింద ఉన్న అట్టపెట్టెలోంచి ఒక మూట బయటికి లాగాడు. నాన్న రిటైరై కాకినాడ వెళ్ళిపోతూ, విమానంలో బరువు ఎక్కువైందని దోహాలో మా ఇంట్లో వదిలేసిన పెట్టెల్లో అదొకటి. నేను వంటింట్లోంచి వచ్చేసరికి మూట సగం విప్పేసి, లోపలున్న ఇత్తడి చేతి చిటికెన వేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. చిగుళ్ళు కోసుకుంటాయని గబుక్కున లాక్కున్నాను. తర్వాత వేలితో తడిమి చూస్తే, కోసుకునే అంచులు కావవి. ఒక్కో వేలి కొసనీ ఆకురాయితో ఓపిగ్గా అరగదీసి నున్నగా చేసినవి. ఆ పని జరిగింది దోహాకి దగ్గర్లోని మెసయీద్‌లో, మా కంపెనీ క్వార్టర్ వెనక వరండాలో. పక్కన పీట వేసుకుని కూర్చుని ఇత్తడి పొడి వేళ్ళకి అద్దుకుని ఆడుకున్నదాన్ని నేనే. అప్పటికి నాకు పదకొండేళ్ళు.

చేతికి చుట్టి ఉన్న గుడ్డ తెల్లది, పల్చనిది, విప్పేకొద్దీ వస్తూనే ఉంటుంది. సూడాన్ వాళ్ళు తలకు చుట్టుకునే గుడ్డ అది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఊదు వాసన ఇంకా ఉందో, ఉండాలని నేననుకున్నానో చెప్పలేను.

మా వాడికి జ్వరం వస్తే ఫిట్స్ వస్తాయి. అయిదేళ్ళొచ్చేసరికి అవే పోతాయని డాక్టరు చెప్పారు. పగలు ఆ మాట నమ్ముతాను. రాత్రి మా ఆయన డ్యూటీకి వెళ్ళాక, నిద్రలో వాడి ఊపిరి కొంచెం గట్టిగా వినిపిస్తే చాలు, నమ్మకం పోతుంది. నుదురు ముట్టుకుని చూస్తాను, నా చేతి మీద నాకే అనుమానం వచ్చి చెంప ఆనించి చూస్తాను. ఇది రాస్తున్నది అలా మేలుకుని ఉన్న వేళలోనే. ఆ చెయ్యి బల్ల మీద నా ఎదురుగా ఉంది.

మెసయీద్‌లో మా ఇల్లు ఎరువుల ఫ్యాక్టరీకి దగ్గర. గాలి అటు నుంచి తిరిగితే ముక్కులు మండేవి. అమ్మ కిటికీలు మూసేసి, "మీ నాన్న కంపెనీ వచ్చింది, తలుపేయండి" అనేది, చుట్టమెవరో వచ్చినట్టు. నాన్న డ్యూటీ బట్టలు ఎప్పుడూ వేరే బకెట్‌లో నానేవి. పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క ఉండేది, దానికి బియ్యం కడిగిన నీళ్ళు తప్ప మరేవీ పోయకూడదు. శుక్రవారం పొద్దున్నే తలంటు, మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ. మసీదులో జుమ్మా నమాజు అయ్యాక వీధంతా ఊదు వాసన. ఆ వాసనతో పాటే సాయన్న వచ్చేవాడు.

సాయన్నది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నాన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద వెల్డింగ్ పనికి వచ్చాడు. ఇంటితో మాట్లాడాలంటే క్యాంప్‌లో ఇంటర్నెట్ సరిగా ఉండదని నాన్న శుక్రవారాలు ఇంటికి రమ్మన్నారు. వచ్చినవాడు చెప్పులు గేటు బయటే విడిచేవాడు. అమ్మ ఎంత చెప్పినా సోఫాలో కూర్చోడు, చాప అడిగి వేయించుకునేవాడు. అమ్మ మాట్లాడుతుంటే నవ్వేవాడు. "మీరు మాట్లాడితే సిన్మా చూసినట్టుంటదమ్మా" అనేవాడు. అమ్మేం తక్కువ కాదు, అతను 'పోయిండు, అచ్చిండు' అన్నప్పుడల్లా అలాగే అని చూపించి నవ్వించేది. కంప్యూటర్ తెర మీద ఇల్లు కనపడగానే మాత్రం అతని నవ్వు సర్దుకునేది. అక్కడ ఒక చిన్నపిల్ల తల్లి ఒడిలో కూర్చుని ఉండేది, పెదవులు కాస్త నీలంగా. గుండెలో రంధ్రం. ఆపరేషన్‌కి హైదరాబాద్‌లో తేదీ కోసం చూస్తున్నారు.

ఆ పిల్ల పేరు ఉస్సేనమ్మ. మొదటిసారి విన్నప్పుడు అమ్మ తికమకపడింది. హిందువుల పిల్లకి ఆ పేరేమిటని అడిగేసింది కూడా. సాయన్నకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయాక ఉస్సేను పీరుకి మొక్కితే పుట్టిన పిల్ల, ఇంకేం పేరు పెడతారు? పీర్ల పండక్కి వాళ్ళ ఊళ్ళో సాయబు ఫాతెహా చదువుతాడు, పీరుని ఎత్తుకునేది మాత్రం సాయన్న వాళ్ళ ఇంటి మగాళ్ళే. తాత ఎత్తాడు, తండ్రి ఎత్తాడు, తర్వాత ఇతను. వెదురు కర్రకి ఇత్తడి చెయ్యి బిగించి, రంగురంగుల గుడ్డ దట్టీలు కట్టి, నిప్పుల గుండం చుట్టూ తిరుగుతారు. దట్టీ కట్టేవాళ్ళు పిల్లల పేరు చెప్పి కడతారు. ఆఖరి రోజున పీరుని వాగుకి తీసుకెళ్ళి నీళ్ళు తాకించి చల్లబెడతారు. ఎత్తిన పీరుని చల్లబెట్టకుండా ఉంచితే మొక్కు తీరనట్టే. కతార్ వచ్చిన దగ్గర్నుంచీ అతను ఎత్తలేదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పనులు మొదలవుతున్నాయి, ప్రతి కంపెనీకీ మనుషులు కావాలి. లీవు అడిగితే ఫోర్‌మన్ చెయ్యి ఊపి "లీవ్ మాఫీ" అనేవాడట, లేదు పొమ్మని. బిడ్డ ఆపరేషన్ ముందుంది, ఎత్తాల్సిన పీరు ఎత్తకుండా ఉంది. ఆ రెండూ అతని లెక్కలో వేరు కావు.

ఆ చలికాలం మా టౌన్‌షిప్ క్లబ్ మైదానంలో ప్రపంచ మేళా పెట్టారు. ప్రపంచమంతా మన దగ్గరికి రాబోతోంది, ముందు మనం ఒకరినొకరు తెలుసుకుందామన్నది ఉద్దేశం. దేశానికో దుకాణం, తిండి, పాటలు. వాటితో పాటు మధ్యలో ఒక పెద్ద తెల్ల గుడారం, విశ్వాసాల గుడారమని పేరు. ప్రతి దేశానికీ అందులో ఒక బల్ల. తమ ఊళ్ళలో వేరువేరు మతాల వాళ్ళు ఎలా కలిసి బతుకుతారో చూపించే వస్తువు పెట్టి, పక్కన ఒక చీటీ రాయాలి. విగ్రహాలు వద్దు, పూజలు వద్దు. కమిటీలో నాన్న ఒకరు, ఇద్రీస్ గారు ఒకరు. ఇద్రీస్ గారు సూడాన్ ఆయన, ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పెద్ద. పొడుగు మనిషి, మెల్లగా మాట్లాడేవారు. రంజాన్‌లో ఖర్జూరాలు తెచ్చి, మేము ఉపవాసం లేకపోయినా పొద్దు వాలేదాకా ఆగి తినమని నన్ను ఆటపట్టించేవారు.

మన దేశం బల్ల మీద ఏం పెట్టాలో తేలక నాన్నకి తలనొప్పి వచ్చింది. మలయాళీలు ఒకటంటే తమిళులు ఒకటన్నారు, గుజరాతీ ఆయన మీటింగులోంచి లేచి వెళ్ళిపోయారు. ఆ శుక్రవారం అన్నం తింటూ నాన్న ఇదంతా చెబుతుంటే, చాప మీద కూర్చున్న సాయన్న ముద్ద కలపడం ఆపాడు.

"పీరును పెట్టుండ్రి సారూ. ఎవల్తోని కొట్లాట లేదు. వాళ్ళ దేవుడు, మన భుజం."

ఆ మాట నాన్నకి ఎంత నచ్చిందంటే చీటీ మీద అదే రాయించారు, ఇంగ్లిషులో, అరబ్బీలో. అమ్మ ఒక్కతే, ఇక్కడి వాళ్ళకి కోపం రాదు కదండీ అంది. వాళ్ళదే కదా, వాళ్ళకెందుకు కోపం అన్నారు నాన్న. సాయన్నకైతే అలాంటి అనుమానమే లేదు. ఊరి నుంచి బయల్దేరినప్పుడు వాళ్ళ సాయబు అతని మోచేతికి ఆకుపచ్చ దట్టీ కట్టి, పీరు పుట్టింటికి పోతున్నావు, ఇక భయమేముంది అన్నాడట. విమానం దిగిన మొదటి శుక్రవారం బజార్లో ఊదు వాసన తగలగానే, సాయబు చెప్పింది నిజమేననుకున్నాడట. వాళ్ళ ఊళ్ళో పీర్ల కొట్టం తలుపు తీస్తే వచ్చే వాసన, ఇక్కడ ఊరంతా ఉంది.

సూక్ బజార్లో పెద్ద ఇత్తడి పళ్ళెం కొనుక్కొచ్చాడు. క్యాంప్‌లో చేస్తే మైల, తాగేవాళ్ళుంటారని మా వరండాలో చేస్తానన్నాడు. అమ్మ ఆ మూల కడిగి ముగ్గు పెట్టింది. పని ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకలేదు. సాయన్న డ్యూటీ దిగి, స్నానం చేసి, పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చేవాడు. నమూనా లేదు. మొదటి రోజు పళ్ళెం మీద తన ఎడమ చెయ్యి పరిచి, గీయమని నాకు గీత పెన్సిలు ఇచ్చాడు. నేను వేళ్ళ చుట్టూ గీస్తుంటే చక్కిలిగింతలకి చెయ్యి కదిలించి, ఏందో బిడ్డా, పీరుకి చక్కిలిగింతలైతయని నవ్వాడు. ఎప్పుడో ఇనుప దూలం పడి అతని చిటికెన వేలు బయటికి వంగి ఉండేది. సరిచేసి గీయనా అని అడిగాను. ఉన్నది ఉన్నట్టే గియ్యమన్నాడు.

మేళా రోజున ఆ గుడారం ఎంత బాగుందో ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఫిలిప్పీన్స్ వాళ్ళ కాగితం నక్షత్రాలు, నేపాల్ వాళ్ళ తిప్పే చక్రాలు, శ్రీలంక దీపాలు, ఈజిప్టు వాళ్ళ రంగు అద్దాల లాంతర్లు. మా బల్ల వెనక కర్ర మీద పీరు. సాయన్న అద్దకం జుబ్బా వేసుకుని, ఒంటికాలి మీద నిలబడ్డట్టు నిటారుగా, చెప్పుల్లేకుండా ఉన్నాడు. అమ్మ చపాతీలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసిన మలీద పళ్ళెంలో ఉంది. వచ్చినవాళ్ళు తింటున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. అరబ్బుల కుటుంబాలు బల్ల దగ్గరికి వస్తున్నాయి. వచ్చిన ప్రతివాళ్ళ ముఖంలోకీ సాయన్న ఆశగా చూశాడు. వాళ్ళు చీటీ చదివి, చేతికేసి చూసి, ముందుకి వెళ్ళిపోయారు. కొందరు పెద్దవాళ్ళు ఆగి తమలో తాము మాట్లాడుకున్నారు. ఒకాయన ఇదేమిటని హిందీలో అడిగితే సాయన్న ముఖం వెలిగిపోయింది.

"మీదే సాబ్. మీ పీరే. మేం మోస్తం" అన్నాడు వచ్చీరాని హిందీలో, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

ఆయన చీటీ మళ్ళీ ఒకసారి చదివి, కమిటీ వాళ్ళున్న వైపు వెళ్ళారు. కాసేపటికి ఇద్రీస్ గారు వచ్చారు. గార్డుని పంపకుండా తనే రావడం ఎందుకో నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది. నాన్నని పక్కకి పిలిచి మాట్లాడారు, తర్వాత సాయన్న ముందు నిలబడ్డారు. కోపం లేదు. తమ దేవుడికి రూపం లేదని, చెయ్యి అంతకన్నా లేదని, దీన్ని తమదని చెబితే ఇక్కడ కొందరు బాధపడుతున్నారని, తను పుట్టిన ఊళ్ళోనూ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదని, ఫ్యాక్టరీలో నేర్చుకున్న హిందీలో మెల్లగా చెప్పారు. తీసేయాలన్న మాట మాత్రం ఆయన నోటివెంట రాలేదు. నాన్న తెలుగులో అనువదించబోయారు. అక్కర్లేదన్నట్టు సాయన్న తల ఊపాడు. ఎవరూ అడగకుండానే కర్రని బల్ల మీదికి వాల్చి, దట్టీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. అతని పెదవులు కదులుతున్నాయి, పేర్లేవో చెప్పుకుంటున్నట్టు. విప్పాక ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఇద్రీస్ గారు తన తలకి చుట్టుకున్న గుడ్డ విప్పారు. అంతమందిలో ఆయన బోడి తల చూసి నాకు సిగ్గేసింది. ఆ గుడ్డ చాపి పట్టుకుంటే సాయన్న చేతిని అందులో పెట్టాడు. ఆయన పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి, తనే మోసుకుంటూ జనం మధ్యలోంచి మా కారు దాకా వచ్చారు. సాయన్న వెనకాలే ఉత్త కాళ్ళతో, కంకర మీద.

కారు దగ్గర ఇద్రీస్ గారు, ఇదంతా ఎవరి కోసమని అడిగారు. బిడ్డ కోసమని నాన్న చెప్పారు. ఆ బిడ్డకి దువా చేస్తాను, పేరేమిటన్నారాయన.

"ఉస్సేనమ్మ సాబ్."

ఇద్రీస్ గారు ఆ పేరుని రెండు ముక్కలుగా పలికి చూసుకున్నారు. హుస్సేన్. అమ్మ. సాయన్న భుజం మీద చెయ్యి వేసి, బోడి తలతోనే తిరిగి గుడారంలోకి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక అమ్మ మజ్జిగ ఇస్తే సాయన్న గ్లాసు కింద పెట్టేశాడు. "పుట్టింటోళ్ళే గుర్తువట్టలే అమ్మా" అన్నాడు. అంతే. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. నేనప్పుడు తీసేసినందుకు బాధపడుతున్నాడనుకున్నాను. ఇప్పుడు నాకూ ఒక బిడ్డ ఉన్నాడు కాబట్టి తెలుస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు తన బిడ్డని ఇక్కడినుంచి చూస్తున్నారన్న ధైర్యంతో ఉన్నాడు. ఆ రోజుతో అది పోయింది.

ఆపరేషన్ మాత్రం బాగా జరిగింది. మా ఇంట్లోంచే మాట్లాడాడు. తెర మీద పిల్ల పెదవులు ఎర్రగా కనిపిస్తుంటే, నాకు చూపించి, చూడు బిడ్డా, చూడు అన్నాడు. నాన్న ఇక పీరుని చల్లబెట్టేద్దాం, సముద్రం దగ్గరే కదా అన్నారు. సాయన్న ఒప్పుకోలేదు. పరాయి నీళ్ళలో వద్దు, లీవు దొరకంగనే తీసుకుపోయి ఊరి వాగులో చల్లబెడతానన్నాడు. అందాకా మీ దగ్గర ఉంచండని అమ్మకి అప్పజెప్పాడు. తర్వాత అతని కంపెనీకి స్టేడియం పని వచ్చింది, క్యాంప్ దోహా దాటి అవతలికి మారింది. శుక్రవారాలు రావడం తగ్గి, పండగలకి ఫోనుగా మారి, ఒక ఎండాకాలం ఫోను కూడా అతని నుంచి కాకుండా అతని గదిలోవాళ్ళ నుంచి వచ్చింది. నిద్రలో పోయాడన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నాన్న ఈ మూటని కార్లో పెట్టుకుని వెళ్ళారు, అతనితో పాటు పంపిద్దామని. అప్పటికే శవపెట్టె మూసేశారు. నాన్న మూటతో తిరిగొచ్చి చాలాసేపు కారులోనే కూర్చున్నారు. అమ్మ వెళ్ళి తీసుకొచ్చి బీరువా పైన పెట్టింది. ఆ గదిలోకి చెప్పులతో ఎవర్నీ రానిచ్చేది కాదు.

ప్రపంచ కప్పు వచ్చి వెళ్ళిపోయింది. ఆ స్టేడియం పక్కనుంచే నేను పిల్లాణ్ణి హాస్పిటల్‌కి తీసుకెళ్తాను. గోడలు మెరుస్తుంటాయి, ఎదురుగా పచ్చిక, పిల్లలకి ఉయ్యాలలు. ఇప్పుడు దోహాలో మతాల మధ్య సంభాషణల మీద సభలు జరుగుతాయి, మంచి హాళ్ళలో, చెవికి అనువాద యంత్రాలు పెట్టుకుని. అవి మంచివే. కానీ అలాంటి పోస్టరు చూసినప్పుడల్లా నాకు విప్పిన తలగుడ్డ గుర్తొస్తుంది. ఇద్రీస్ గారు ఖార్టూమ్ వెళ్ళిపోయారు. అక్కడ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి నాన్న ఫోను ఆయనకి కలవడం లేదు. నాన్న ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ నంబరు నొక్కుతారు.

మూట దొరికిన రోజే నాన్నకి చెప్పాను. ఆయన ఎవరెవర్నో అడిగి ఉస్సేనమ్మ నంబరు సంపాదించారు. నిన్న సాయంత్రం చేశాను. జగిత్యాలలో డిగ్రీ చదువుతోందట. నేనెవరో చెబితే, దుబాయ్‌ల ఉండే అక్కనా, నాయిన చెప్పేటోడు, నువ్వే గీసినవట కదా అంది. వాళ్ళకి గల్ఫంతా దుబాయే. అవును, నేనే గీశానన్నాను. మీ నాన్నగారిది ఒకటి నా దగ్గరుంది, ఆయన దాన్ని మీ వాగులో చల్లబెట్టాలనుకున్నారు, ఇక్కడ ఏషియన్ టౌన్‌లో ఉండే మీ వైపు పనివాళ్ళు ఊరెళ్తున్నారు, వాళ్ళతో పంపిస్తానన్నాను.

"అక్కా, దాని చిటికెన వేలు వంకర ఉన్నదా?"

ఉందన్నాను. ముక్కు చీదిన చప్పుడు. ఇంటికి పెట్టె వచ్చినప్పుడు ముఖం చూపించారట, చేతులు చూపించలేదట. తండ్రి కతార్ వెళ్ళకముందు తను నడక నేర్చుకున్నది ఆ వేలు పట్టుకునేనట. చల్లబెట్టాలంటే మనసొప్పుతుందా అని అడిగాను. మొక్కు తనదే కాబట్టి తనే తీరుస్తానంది. పండగ దాకా ఇంట్లో ఉంచుకుని, సాయబుని అడిగి ఒక్కసారి తనే ఎత్తి, తర్వాత వాగుకి తీసుకుపోతుందట. ఆడపిల్లని ఎత్తనిస్తారా అంటే, ఎత్తనియ్యకుంటే పక్కపొంటి నడుస్తా అంది, తండ్రి నవ్వే నవ్వి.

అంతలో మా వాడు నిద్రలో ఒక్కసారి ఉలిక్కిపడి ఏడ్చాడు. నేను ఫోను చెవికి పెట్టుకునే పరిగెత్తి నుదురు చూశాను, చెంప ఆనించి చూశాను. జ్వరం లేదు. నా ఊపిరి ఆ పిల్లకి వినిపించినట్టుంది. ఏమైందని అడిగితే, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పేశాను, ఫిట్స్ సంగతి, డాక్టరు మాట, రాత్రుళ్ళు నిద్రపోకపోవడం. నాకంటే చిన్నది, ఎన్నడూ ఎదురుగా చూడనిది, అంతా విన్నది. ఏమీ భయంలేదని చెప్పలేదు. వాడి పాత అంగీలోంచి ఒక పేలిక చింపి, పంపేముందు ఆ చేతికి కట్టమంది.

తర్వాత, "పిలగాని పేరేంది అక్కా?" అని అడిగింది.

నేను పేరు చెప్పాను.